బ్లాక్ హోల్ దగ్గర వేడా, చలా? ఎక్కడ నిలబడి కొలిచావో ముందు చెప్పాలి

నువ్వు అడిగింది ఇది: “కాంతినే వదలని బ్లాక్ హోల్ నుంచి వేడి ఎలా బయటికొస్తుంది? ఒక వీడియోలో దాని దగ్గర కోట్ల డిగ్రీలు అన్నారు. ఇంకో చోట దాని ఉష్ణోగ్రత దాదాపు సున్నా అని చదివాను. ఏది కరెక్ట్ సార్?” కడపలోనే బీఎస్సీ రెండో సంవత్సరం అని కూడా రాశావు. నేనూ ఈ ఊళ్లోనే ముప్ఫై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. దాదాపు ఇదే ప్రశ్న ఒక అమ్మాయి క్లాసులో అడిగితే, పీరియడ్ అయిపోతోందన్న తొందరలో సగం జవాబు చెప్పి పంపించాను. ఆ బాకీ ఇన్నేళ్లుగా మనసులో ఉంది. అందుకే నీకు కాస్త నిదానంగా, పూర్తిగా చెప్తాను నాయనా.

రెండూ కరెక్టే. కోట్ల డిగ్రీలు బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వాయువుది. దాదాపు సున్నా (కెల్విన్ లెక్కలో) అన్నది బ్లాక్ హోల్‌ది. అయితే ఇక్కడితో ఆపితే మళ్లీ సగం జవాబే అవుతుంది. గురుత్వం బలంగా ఉన్న చోట ఒకే వస్తువును ఇద్దరు కొలిస్తే రెండు ఉష్ణోగ్రతలు వస్తాయి, ఇద్దరి థర్మామీటరూ మంచిదే అయినా సరే. అసలు విషయం అక్కడుంది.

ముందు వేడి అంటే ఏమిటో చూద్దాం. మన వైపు నిలువుగా పాతిన బండలతో కట్టిన ప్రహరీలు నువ్వు రోజూ చూస్తుంటావు. మే నెలలో 44 డిగ్రీల ఎండకు పగలంతా కాగిన అలాంటి బండల గోడ పక్కగా రాత్రి ఏడు గంటలకి నడిచి చూడు. ముట్టుకోకుండానే గోడ వైపున్న చెంపకు సెగ తగులుతుంది, రెండో చెంపకు తగలదు. వేడి గాలి పైకి పోతుందే గానీ పక్కకొచ్చి చెంపను తాకదు కదా. నీ చెంపను తాకింది కాంతి. బండ ఉష్ణోగ్రత 47 డిగ్రీలు, అంటే 320 కెల్విన్ ఉంటే, అది ఎక్కువగా 9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుతుంది. ఎరుపు కంటే 13 రెట్లు పొడవైన తరంగం. కంటికి కనపడదు, చర్మానికి తెలుస్తుంది. పరారుణ కాంతి అనేది దీన్నే.

శూన్యంలో వేడి ప్రయాణం చేయాలంటే ఇదొక్కటే దారి. అక్కడ గాలి లేదు, ఇనుప కడ్డీ లేదు. కాబట్టి కాంతికి గురుత్వం ఏం చేస్తుందో తెలిస్తే వేడికి ఏం చేస్తుందో తెలిసినట్టే. కాంతి బయటికి రాలేని చోటు నుంచి వేడి కూడా రాదు. నీ ప్రశ్నలో ఆ మొదటి భాగం నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. మనం చూసే వేడంతా ఆ సరిహద్దుకి, అంటే హొరైజన్‌కి, బయట పుట్టిందే.

ఇప్పుడు ఎక్కడం సంగతి. రాయచోటి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీ వెనక ఇరుక్కున్న అనుభవం మన ఊరి వాళ్లందరికీ ఉంటుంది. పైకి ఎక్కే కొద్దీ లారీ వేగం పడిపోతుంది. కాంతి కూడా గురుత్వపు లోయ నుంచి పైకి ఎక్కాలి, ఎక్కడానికి శక్తి ఖర్చు పెట్టాలి. కానీ కాంతి వేగం తగ్గదు. దాన్ని దారిలో ఏ పాయింట్లో నిలబడి కొలిచినా సెకనుకి 3 లక్షల కిలోమీటర్లే. మరి శక్తి ఎక్కడ తగ్గుతుంది? పౌనఃపున్యంలో. నీలంగా బయలుదేరింది పైకి వచ్చేసరికి ఎర్రబడుతుంది, ఎర్రగా బయలుదేరింది పరారుణం అవుతుంది. దీన్నే గురుత్వ రెడ్‌షిఫ్ట్ అంటారు.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 1960లో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా అనే ఇద్దరు 22.5 మీటర్ల ఎత్తున్న టవర్‌లో ఇనుము-57 నుంచి వచ్చే గామా కిరణాలతో దీన్ని కొలిచారు. ఆ ఎత్తుకి రావలసిన మార్పు ఎంతో తెలుసా? 4 కోట్ల కోట్లలో ఒక్క వంతు. దాన్ని పట్టుకున్నారు.

ఆ ప్రయోగంలో నాకు బాగా ఇష్టమైన ముక్క ఒకటుంది, నీ ప్రశ్నకు దగ్గరిది కూడా. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న 20 ఏళ్ల కుర్రాడు బ్రయాన్ జోసెఫ్సన్ ఒక లోపం చూపించాడు. పైన ఉన్న ఇనుముకీ కింద ఉన్న ఇనుముకీ మధ్య ఉష్ణోగ్రతలో ఒక్క డిగ్రీ తేడా ఉన్నా, గురుత్వం వల్ల రావలసినంత మార్పు దానివల్లే వచ్చేస్తుందని! వేడిగా ఉన్న చోట పరమాణువులు ఎక్కువ కదులుతాయి. కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. పరమాణువు కూడా ఒక గడియారమే కదా. దాంతో రెండు చివర్లా ఉష్ణోగ్రత కొలిచి, ఆ తేడా తీసేసి లెక్క చూడాల్సి వచ్చింది. ఆ కుర్రాడికే వేరే పనికి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. నీ వయసు వాడు నాయనా, డిగ్రీ చదివే రోజుల్లో పట్టుకున్నాడు.

గడియారం మాట వచ్చింది కాబట్టి రెడ్‌షిఫ్ట్‌ని ఇంకో వైపు నుంచి చూద్దాం. ఎక్కువమంది విద్యార్థులకి ఈ దారే సులువుగా ఎక్కింది. బ్లాక్ హోల్ దగ్గర ఒక బస్టాండు ఉందనుకో. అక్కడి కంట్రోలర్ తన వాచీ చూసి ప్రతి 10 నిమిషాలకి ఒక బస్సు వదులుతాడు. దూరంగా ఉన్న మన స్టాపుకి మాత్రం 20 నిమిషాలకొకటి వస్తోంది. దారిలో ఏ బస్సూ చెడిపోలేదు, ఏదీ ఆగలేదు. మరి తేడా ఎందుకంటే, మన వాచీతో పోలిస్తే ఆయన వాచీ సగం వేగంతో నడుస్తోంది. కాంతి తరంగంలో ఒక్కో శిఖరం ఒక్కో బస్సు అనుకో. సెకనుకి వచ్చే శిఖరాలు సగమైతే పౌనఃపున్యం సగం. నీ ఫోన్‌లో మ్యాప్ పనిచేయడానికి జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలను రోజుకి 38 మైక్రోసెకన్ల లెక్కన సరిదిద్దాల్సి రావడం కూడా ఈ కుటుంబంలోదే.

ఇక బ్లాక్ హోల్ దగ్గరికి పోదాం. సూర్యుడికి 10 రెట్లు బరువున్నది, తిరగనిది ఒకటి తీసుకుందాం. సూర్యుడంత బరువుకి 3 కిలోమీటర్ల లెక్కన దీని హొరైజన్ వ్యాసార్థం సుమారు 30 కిలోమీటర్లు. తెగని తాడుకి ఒక దీపం కట్టి కిందికి దించుతున్నాం అనుకో. దీపం ఉష్ణోగ్రత 6000 కెల్విన్, సూర్యుడి ఉపరితలం లాంటి తెల్లటి వెలుగు. సూత్రం చిన్నదే: దీపం ఉన్న వ్యాసార్థంతో హొరైజన్ వ్యాసార్థాన్ని భాగించు, దాన్ని ఒకటిలోంచి తీసేయి, మిగిలినదానికి వర్గమూలం కట్టు. పౌనఃపున్యం అన్ని వంతులకి తగ్గుతుంది. (ఇక్కడ వ్యాసార్థం అంటే చుట్టుకొలతని రెండు పైలతో భాగిస్తే వచ్చేది. అక్కడ స్థలం కూడా వంగి ఉంటుంది కాబట్టి టేపు పట్టి కొలిస్తే వేరే సంఖ్య వస్తుంది.)

40 కిలోమీటర్ల దగ్గర వర్గమూలం సరిగ్గా సగం. దూరంగా ఉన్న మనకి దీపం 3000 కెల్విన్‌లో, పాతకాలం బల్బులా పసుపుగా కనిపిస్తుంది. 30.3 కిలోమీటర్ల దగ్గర పదో వంతు. 600 కెల్విన్, బాగా కాలిన పెనం లాంటిది. సెగ ఉంటుంది, వెలుగు కంటికి కనపడదు. హొరైజన్‌కి ఇంకా 3 మీటర్లే ఉందనగా నూరో వంతు. 60 కెల్విన్, అంటే మైనస్ 213 డిగ్రీలు! దీపం పక్కనే ఒక మనిషి ఉంటే, అతని థర్మామీటర్ మొదటి నుంచి చివరి దాకా 6000 అనే చూపిస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి సగమవడమే కాదు, సెకనుకి వచ్చే ఫోటాన్ల సంఖ్య కూడా సగమవుతుంది, బస్సుల్లాగే. కాబట్టి మనకి చేరే వేడి సగం కాదు, నాలుగో వంతు. దీనికి తోడు దిక్కుల గొడవ. కాంతి దారి వంగుతుంది. 45 కిలోమీటర్ల దగ్గర, అంటే హొరైజన్‌కి ఒకటిన్నర రెట్ల దూరంలో, దీపం ఇచ్చే కాంతిలో సగం బ్లాక్ హోల్‌లోకే పోతుంది. కిందికి దించే కొద్దీ తప్పించుకునే దారి నెత్తి మీద చిన్న కన్నంలా మూసుకుపోతుంది. దీపం ఆరలేదు. దాని సెగ బయటికొచ్చే దారి ఇరుకైంది, వచ్చినది చల్లబడింది.

ఇప్పుడు దీపం పక్కనున్న మనిషి తల పైకెత్తి చూస్తే? దీనికి సరిగ్గా తిరగేసి జరుగుతుంది. పైనుంచి కిందికి దిగే కాంతి శక్తి పుంజుకుంటుంది. అంతరిక్షం అంతటా నిండి ఉన్న 2.7 కెల్విన్ల నేపథ్య కాంతి, హొరైజన్‌కి 3 మీటర్ల పైన తాడు పట్టుకుని వేలాడేవాడికి 270 కెల్విన్‌గా తగులుతుంది. 3 సెంటీమీటర్ల దాకా దిగితే 2700 కెల్విన్, బల్బులోని ఫిలమెంట్ వేడి. ఆకాశం మొత్తం నెత్తి మీద ఒక చిన్న బిళ్లగా కుంచించుకుపోయి, ఆ బిళ్ల మండుతూ ఉంటుంది. అదే మనిషి తాడు వదిలేసి దూరం నుంచి స్వేచ్ఛగా పడుతూ ఉంటే మాత్రం ఈ మంట ఉండదు. హొరైజన్ దాటే క్షణంలో అతని నెత్తికి సూటిగా ఉన్న నక్షత్రం కాంతి సగం పౌనఃపున్యానికి పడిపోయి ఎరుపు వైపు జరిగి కనిపిస్తుంది. చోటు ఒకటే, కాంతి ఒకటే. వేలాడేవాడికి వేడి, పడేవాడికి చలి. సినిమాల్లో, వీడియోల్లో ఈ తేడా చెప్పరు, నాకు బాధనిపించేది అదే. చెప్తే పిల్లలు ఎంత ఆసక్తిగా వింటారో నేను చూశాను.

1930లో రిచర్డ్ టోల్మన్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ఇంకా లోతుగా తీసుకెళ్లాడు. మనం ఇంటర్‌లో ఏం చదువుకుంటాం? రెండు వస్తువులు ఉష్ణ సమతాస్థితిలో ఉంటే ఉష్ణోగ్రత ఒకటే అని. గురుత్వం ఉన్న చోట అది పూర్తి నిజం కాదని టోల్మన్ చూపించాడు. పూర్తిగా సమతాస్థితికి వచ్చిన తర్వాత కూడా కింద ఉన్నది కాస్త వేడిగా ఉండాలి. ఎందుకంటే కింది నుంచి పైకెళ్లే కాంతి చల్లబడుతుంది, పై నుంచి కిందికొచ్చేది వేడెక్కుతుంది. రెండు చోట్లా ఒకే ఉష్ణోగ్రత ఉంటే కిందికే ఎప్పుడూ వేడి చేరుతూ ఉంటుంది, అది సమతాస్థితి ఎలా అవుతుంది? భూమ్మీద 100 మీటర్ల ఎత్తుకి ఈ తేడా ఒక డిగ్రీని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో మూడు ముక్కలంత. కొండెక్కితే చల్లగా ఉండటానికీ దీనికీ సంబంధం లేదు, అది గాలి వ్యాకోచం కథ. కానీ హొరైజన్ అంచున ఈ టోల్మన్ తేడా వల్లే కింది ఉష్ణోగ్రత దూరంగా ఉన్నదానికి వందల రెట్లు అవుతుంది.

ఇక కోట్ల డిగ్రీల సంగతి. బ్లాక్ హోల్ వైపు వచ్చే వాయువు నేరుగా లోపల పడదు. దానికి పక్కకి కొంత వేగం ఉంటుంది కాబట్టి చుట్టూ తిరుగుతుంది. లోపలి వరస వేగంగా, బయటి వరస నిదానంగా. మా అమ్మ తిరగలిలో రాగులు విసిరేటప్పుడు పిండిలో వేలు పెడితే గోరువెచ్చగా ఉండేది. రెండు రాళ్ల మధ్య ఒరిపిడి. ఇక్కడ కూడా పక్కపక్క వరసల మధ్య లాగుడే వేడి పుట్టిస్తుంది. అయితే వాయువు అణువులు రాసుకోవడం దానికి చాలదు. వాయువులోని అయస్కాంత క్షేత్రాలు రబ్బరు తాళ్లలా వరసల్ని కలిపి లాగుతాయని 1991లో బాల్బస్, హాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. లాగుడుతో తిరుగుడు ఊపు (కోణీయ ద్రవ్యవేగం) పోగొట్టుకున్న వాయువు లోపలికి జారుతుంది, జారినప్పుడు వదిలిన గురుత్వ శక్తి వేడిగా మారుతుంది.

ఎంత శక్తి అంటే, సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా వస్తుంది. తిరగని బ్లాక్ హోల్ చుట్టూ జారే వాయువు నుంచి 5.7 శాతం. గరిష్ఠ వేగంతో తిరిగే బ్లాక్ హోల్ అయితే 42 శాతం దాకా. విశ్వంలో ఇంత సమర్థంగా వేడి పుట్టించే పొయ్యి ఇంకోటి నాకు తెలీదు.

మన 10 సూర్యుళ్ల బ్లాక్ హోల్‌కి వాయువు స్థిరంగా తిరగగల చివరి వరస 90 కిలోమీటర్ల దగ్గర. అక్కడ దాని వేగం కాంతి వేగంలో సగం. మన గడియారంతో చూస్తే సెకనుకి దాదాపు 220 చుట్లు. ఉష్ణోగ్రత కోటి డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, వెలుగు ఎక్స్-రేలలో వస్తుంది. పై నుంచి చూసేవాడికి ఆ చివరి వరస కాంతి 30 శాతం శక్తి పోగొట్టుకుని చేరుతుంది, కొంత గురుత్వం వల్ల, కొంత వేగం వల్ల. అంటే వీడియోలో చెప్పిన కోట్ల డిగ్రీలకి కూడా ఈ కోత ఉంది. అక్కడే ఉండి కొలిచేవాడికి ఇంకా ఎక్కువ వేడి.

చాలామందికి వింతగా అనిపించేది ఇంకోటుంది. బ్లాక్ హోల్ పెద్దదయ్యే కొద్దీ దాని చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరిగే ఈ వాయువు చల్లబడుతుంది. సూర్యుడికి పది కోట్ల రెట్లు ఉన్నదాని పళ్లెం లక్ష డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. ఎక్కువ వైశాల్యంలో వేడి పరుచుకుంటుంది కాబట్టి. 2019 ఏప్రిల్ 10న విడుదల చేసిన ఎం87 బ్లాక్ హోల్ ఫోటోలో ఉన్నది మాత్రం ఇలాంటి దట్టమైన పళ్లెం కాదు. అది వందల కోట్ల డిగ్రీల పలచటి వాయువు. పలచగా ఉన్న వాయువు తన వేడిని కాంతిగా వదులుకోలేక అంతగా కాగిపోతుంది. ఆ నారింజ రంగు మనవాళ్లు వేసిందే, అసలు కాంతి 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగం. ఉంగరంలో కింది వైపు ఎక్కువ వెలుగు ఎందుకంటే, అక్కడ వాయువు మన వైపు వస్తోంది. మధ్యలోని నల్లటి మచ్చ హొరైజన్ కాదు, దానికి సుమారు 2.6 రెట్లు పెద్దది, కాంతి వంగడం వల్ల పడిన నీడ.

గురుత్వం ఎక్స్-రేలను ఇలా ఎర్రబరుస్తుందని చూశారా అంటే, చూశారు. ఇనుము 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర సన్నటి గీతలాంటి వెలుగు ఇవ్వాలి. 1995లో జపాన్ వాళ్ల ఆస్కా ఉపగ్రహం ఒక గెలాక్సీ కేంద్రంలో ఆ గీత తక్కువ శక్తి వైపు పొడవాటి తోకలా సాగిపోయి ఉండటం పట్టుకుంది. గురుత్వపు లోతైన లోయలోంచి ఎక్కొచ్చిన కాంతి అది. 2018 మేలో మన పాలపుంత మధ్యలోని బ్లాక్ హోల్‌కి దగ్గరగా వెళ్లిన ఎస్2 అనే నక్షత్రం కాంతిలో కూడా ఈ ఎర్రబాటు కనిపించింది.

చివరికి ఆ “దాదాపు సున్నా”. అది 1974లో స్టీఫెన్ హాకింగ్ చెప్పిన ఉష్ణోగ్రత. క్వాంటం లెక్కల ప్రకారం, లోపలి నుంచి ఏమీ రాకుండానే, హొరైజన్ అంచు కూడా చాలా కొద్దిగా వెలుగుతుంది. సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్‌కి అది ఒక డిగ్రీలో కోటో వంతు కూడా లేదు. బరువు పెరిగితే ఇంకా తక్కువ. చుట్టూ ఉన్న ఆకాశమే 2.7 కెల్విన్ కాబట్టి, ఇవాళ ఉన్న నక్షత్రపు బ్లాక్ హోల్స్ ఇచ్చే వేడి కంటే తీసుకునే వేడే ఎక్కువ. ఇంకా ఎవరూ ఆ హాకింగ్ వెలుగును టెలిస్కోప్‌లో చూడలేదు. కానీ ఇక్కడా అదే సూత్రం పని చేస్తుంది. ఆ అతి చిన్న ఉష్ణోగ్రత దూరం నుంచి కొలిస్తే వచ్చేది. తాడు పట్టుకుని హొరైజన్ అంచున వేలాడేవాడికి అదే వెలుగు ఎంతైనా వేడిగా ఉండొచ్చు, ఎంత దగ్గరికి దిగితే అంత.

చేత్తో చేసే పని ఒకటి చెప్తాను. మే నెలలో తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి ఊరి లైట్లు లేని చోట మిద్దెక్కి ఉత్తరం వైపు బాగా ఎత్తుగా చూడు. శిలువ ఆకారంలో సిగ్నస్ నక్షత్ర మండలం ఉంటుంది. దాని నిలువు కడ్డీలో మెడ దగ్గర ఈటా సిగ్నై అనే చుక్క, దాని పక్కనే, చందమామ వెడల్పంత దూరంలో, మంచి బైనాక్యులర్స్‌తో ఒక మసక చుక్క దొరుకుతుంది. అది నీలి నక్షత్రం, బ్లాక్ హోల్ కాదు. దానితో కలిసి 5.6 రోజులకొకసారి చుట్టు తిరిగే సిగ్నస్ ఎక్స్-1 అనే బ్లాక్ హోల్ అక్కడే ఉంది. మనకి 7,200 కాంతి సంవత్సరాల దూరం, సూర్యుడికి 21 రెట్లు బరువు. దాని ఎక్స్-రేలు గాలి దాటి మన దాకా రావు. అందుకే ఎక్స్-రేలను చూసే ఉపగ్రహాలు ఆస్ట్రోశాట్‌ని 2015లో, ఎక్స్‌పోశాట్‌ని 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి పైకి పంపారు. ఆ సమయానికి కూడా బండలు పూర్తిగా చల్లారవు, చాప వేసుకుని పడుకుని చూడు. చుక్క దొరికితే, సూత్రంలో 30 కిలోమీటర్ల బదులు 63 పెట్టి మన దీపం లెక్క మళ్లీ చెయ్యి. ఏ ఎత్తులో అది పెనంలా కనపడుతుందో ఇక్కడే రాయి, చూసి చెప్తాను.